రెయిన్‌డీర్ తలలు కుప్పపోస్తే కళ అవుతుందా?

ప్రశ్న: అక్కా, మాది గొర్లు కాసే కుటుంబం. హనుమకొండలో డిగ్రీ చదువుతున్నాను. నార్వేలో మారెట్ ఆన్నె సారా అనే ఆమె కోర్టు ముందట రెయిన్‌డీర్ (మంచు దేశాల జింక) తలకాయలు కుప్పపోసిన ఫొటో ఫోన్‌లో చూశాను. ఒళ్లు జలదరించింది. దీన్ని కళ అంటారా? అందుకోసమే వాటిని చంపారా?
- ఒక పాఠకుడు, ఐనవోలు

జవాబు: ముందు రెండో అనుమానం తీరుస్తా తమ్ముడూ. ప్రదర్శన కోసం చంపినవి కావు, మాంసానికి కోసినవాటి తలలే అవి.

ఆమె సామీ ఆదివాసి. నార్వే ఉత్తర కొసన కౌటొకేనోలో రెయిన్‌డీర్లు మేపుకునే ఇల్లు వాళ్లది. మేత చాలట్లేదు, మందలు తగ్గించండని ప్రభుత్వం 2007 నాటి చట్టం చూపించి హుకుం జారీ చేసింది, ఆమె తమ్ముడు యొవ్సెత్ ఆంతె దగ్గరున్న 116ను 75కు దించమంది. పెద్ద మందకైనా చిన్న మందకైనా ఒకే శాతం కోత. పెద్ద మందోడు ఎట్లనో తట్టుకుంటాడు, కొత్తగా మొదలుపెట్టిన పిల్లగాడు ఏం తిని బతకాలి? మీ నాయనకు అట్లాంటి కాయితం వస్తే ఇంట్లో ఎంత టెన్షనో నీకు నేను చెప్పక్కర్లేదు.

తమ్ముడు కోర్టుకెక్కాడు. 2016 ఫిబ్రవరిలో విచారణ జరుగుతుంటే అక్కడి తానా అనే ఊరి కోర్టు ముందు మంచులో అక్క 200 తలలు గుట్టగా పేర్చి, పైన నార్వే జెండా పాతింది. ఒకప్పుడు కెనడాలో ఆదివాసుల బతుకుదెరువైన అడవిదున్నలను చంపి ఎముకలు గుట్టలు పోశారు, ఆమె తలచుకున్నది దాన్నే. కింది రెండు కోర్టుల్లో తమ్ముడు గెలిచాడు, 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. అదే నెల ఓస్లోలో పార్లమెంటు ముందు 400 పుర్రెలు తీగలకు గుచ్చి తెరలా వేలాడదీసింది. దగ్గరికెళ్లి చూస్తే పుర్రె నుదుటి మీద తూటా దిగిన రంధ్రం కనిపిస్తుంది.

116, 75 అని తీర్పులో చదివితే ఎవరి ఒళ్లూ జలదరించదు. ఆ కుప్ప చూస్తే నీకు జలదరించింది కదా, అందుకే నా లెక్కలో అది కళే, గొప్ప కళ.

ఆ తెరను నార్వే నేషనల్ మ్యూజియం కొన్నది, 2022లో తెరిచిన కొత్త భవనంలో పెట్టింది. గౌరవం దక్కిందిగా అంటారు కొందరు. నాకది సరిపోదు, మ్యూజియం కొన్నంత మాత్రాన తీర్పు మారలేదు.

అదే ఏడాది ఇటలీలోని వెనిస్ బినాలే అనే పెద్ద కళా ప్రదర్శనలో ఆమె రెయిన్‌డీర్ పొట్టలతో, నరాలతో చేసినవి కూడా వెతికి చూడు. మీ నాయనకూ చూపించు.