రేకులు దించే ముందు చేతిలో ఎంత ఉంది?

ప్రశ్న: మాది 1984లో కట్టిన ఇల్లు. వెనుక రెండు గదులకు సిమెంటు రేకులు తీసేసి స్లాబు వేయించాలి. మేస్త్రీ 6.5 లక్షలు అవుతుందన్నారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ 4 లక్షలూ తీసేస్తాను. మిగతాదానికి బంగారం కుదువ పెట్టాలా, యాప్‌లో రుణం తీసుకోవాలా? జీతం 46 వేలు, ఇంటి ఖర్చు 30 వేలు.
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఏ అప్పు మేలని అడిగారు. పని మొదలైన రోజే మీ చేతిలో రూపాయి మిగలదన్న సంగతి మాత్రం రాయలేదు. పాత ఇల్లు బాగు చేయించేవారిలో చాలామంది ఇలాగే మేస్త్రీ చెప్పిన అంకెకు డబ్బు సర్దుకుని దిగిపోతారు.

ఆ 6.5 లక్షల్లో రేకులు జాగ్రత్తగా దించే కూలి ఉందా? ఆ కాలపు సిమెంటు రేకంటే ఆస్బెస్టాస్ అనే ఖనిజ నార కలిపినదే అనుకోవాలి. కదపనంతకాలం ప్రమాదం తక్కువ. పగిలితే కంటికి కనిపించని నారపోగులు గాలిలో కలుస్తాయి. వాటివల్ల వచ్చే క్యాన్సర్లు 20, 30 ఏళ్ల తరువాత కూడా బయటపడతాయి. రేకులను బిగించిన, తుప్పు పట్టిన జె-హుక్కులు (వంపు కొక్కేలు) ఒక్కొక్కటీ విప్పాలంటే రోజులు పడుతుంది, సుత్తితో కొడితే పూటలో అయిపోతుంది. ముక్కలను గచ్చు కింద నింపేస్తే ట్రాక్టరు కిరాయి కూడా మిగులు! చేతిలో డబ్బు ఆడనప్పుడు ఎవరైనా ‘సరే, కానివ్వండి’ అనే అంటారు.

రేకులను నీళ్లతో తడిపి, విరగకుండా దించి, మందపాటి పాలిథిన్‌లో రెండు పొరలు చుట్టించాలి. గుడ్డ మాస్కు, పొడి చీపురు పనికిరావు. ఎక్కడికి పంపాలో మున్సిపాలిటీని ముందే అడగండి. ఆ నాలుగు రోజులూ పిల్లలుంటే వేరేచోట ఉంచండి.

ఇక డబ్బు. ఆరు నెలల ఇంటి ఖర్చు 1.8 లక్షలు. డిపాజిట్‌లో అంత ముట్టుకోకండి, స్లాబు కోసమైనా సరే. మిగిలిన 2.2 లక్షలకు నెలకు 16 వేల చొప్పున పది నెలలు కలిపితే 3.8 లక్షలు. ముందు ఒక గది చేయించండి. దానికి దాదాపు 3.25 లక్షలు పోయినా, రేకుల పనికీ ఊహించని ఖర్చులకూ అర లక్ష ఉంటుంది. పాత గోడలు బరువు మోస్తాయా, స్లాబు రెండు విడతలుగా వేయవచ్చా అన్నది ఇంజినీరు చెప్పాలి. బంగారం ఆసుపత్రి అవసరానికి ఉంచండి. యాప్ రుణం మాట ఇక ఎత్తకండి. ఇంటి పైకప్పుకు ఆ వడ్డీ కట్టడమేమిటి? ఆరోగ్య బీమా లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి, ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు ఆగవలసి రావచ్చు.

ఈలోగా వాన కారితే రేకుకు కొత్త రంధ్రాలు వేయించకండి. పాచి పట్టిందని వైరు బ్రష్షుతో గీకించకండి.