చెమట కారితే బీ కాంప్లెక్స్ ఎందుకు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విశాఖవే, అందులోనూ సగం నీరసం గురించే. ఉక్కపోత మొదలైతే మన ఊళ్లో మందుల షాపుల ముందు ఏం అమ్ముడవుతుందో తెలిసిందే కాబట్టి అన్నీ ఒకచోట వేస్తున్నాం.

ప్రశ్న: మా ఆయన ఫర్నేస్ దగ్గర షిఫ్టు డ్యూటీ చేస్తారు. ఇంటికొచ్చేసరికి చొక్కా వీపు మీద తెల్లటి చారలు కట్టి ఉంటాయి. నీరసం అంటున్నారని రోజూ ఒక మల్టీవిటమిన్ మాత్ర, గ్లూకోజ్ పొడి కలిపిన నీళ్లు ఇస్తున్నాను. మొన్న మెడికల్ షాపు అబ్బాయి ఎలక్ట్రోలైట్ ప్యాకెట్లు చూపించి "అన్నీ ఎనర్జీకే మేడమ్, ఏదైనా ఒకటే" అన్నాడు. నిజంగా రెండూ ఒకటేనా? – గాజువాక పాఠకురాలు

జవాబు: కాదమ్మా, అస్సలు కాదు. ఆ చొక్కా మీద చారలే సగం జవాబు చెప్పేశాయి. అది వంటింట్లో ఉండే ఉప్పే. లీటరు చెమటలో సుమారుగా ఒక గ్రాము సోడియం పోతుంది, అంటే దాదాపు అరచెంచా ఉప్పు. ఇది మనిషిని బట్టి మారుతుంది, కొందరి చెమట మరీ ఉప్పగా ఉంటుంది, మీ ఆయన ఆ బాపతు కావచ్చు. అదే చెమటలో విటమిన్లు ఎంత పోతాయంటే లెక్కలోకి రానంత. పోయింది ఉప్పూ నీళ్లూ అయితే మీరు ఇస్తున్నది విటమిన్ మాత్ర.

ఎలక్ట్రోలైట్లు అంటే సోడియం, పొటాషియం, క్లోరైడ్, కాల్షియం, మెగ్నీషియం లాంటి ఖనిజ లవణాలు. నీళ్లలో కరగగానే విడిపోయి ఒక్కోటీ కొంచెం ప్లస్ చార్జో మైనస్ చార్జో పట్టుకుని తిరుగుతాయి. కాలు కదపాలన్నా గుండె కొట్టుకోవాలన్నా కణం గోడ దగ్గర సోడియం లోపలికి, పొటాషియం బయటికి పోతూ ఉండాలి, ఆ రాకపోకల వల్లే నరంలో కరెంటు నడుస్తుంది. ఒంట్లో ఏ భాగంలో ఎంత నీరు ఉండాలో తేల్చేదీ ఇవే. అందుకే శరీరం వీటిని చాలా ఇరుకైన హద్దుల్లో పట్టి ఉంచుతుంది: రక్తంలో సోడియం లీటరుకి 135 నుంచి 145 మిల్లీమోల్స్, పొటాషియం 3.5 నుంచి 5. ఇవి తప్పితే గంటల్లోనే తేడా తెలుస్తుంది, పొటాషియం బాగా అటూ ఇటూ అయితే గుండె లయే తప్పుతుంది.

విటమిన్ల సంగతి పూర్తిగా వేరు. అవి మొత్తం 13: ఎ, సి, డి, ఇ, కె, ఆపైన బీ కుటుంబంలో ఎనిమిది. మొక్కలూ జంతువులూ సూక్ష్మజీవులూ తయారుచేసే పదార్థాలు ఇవి, మన ఒంటికి తగినంత తయారుచేసుకోవడం చేతకాదు కాబట్టి తిండిలోంచి రావాలి (డి ఒక్కటీ ఎండ తగిలితే చర్మంలో తయారవుతుంది). తిన్నది శక్తిగా మారడానికి, రక్తం తయారవడానికి, ఎముక గట్టిపడటానికి జరిగే పనుల్లో అవి సహాయకులు, అంతే. వాటిలో కేలరీలు లేవు, కాబట్టి మాత్ర మింగగానే ఎనర్జీ వస్తుందన్నది ఉత్త మాట. కావలసిన మోతాదు కూడా ఎంత తక్కువంటే బీ12 రోజుకి రెండు, రెండున్నర మైక్రోగ్రాములు చాలు. పొటాషియం మాత్రం రోజుకి మూడున్నర గ్రాములు కావాలి. గ్రాముకి పది లక్షల మైక్రోగ్రాములు, కాబట్టి తేడా మీరే ఊహించుకోండి.

లోపం బయటపడే తీరు కూడా వేరే. విటమిన్ సి పూర్తిగా మానేస్తే చిగుళ్ల నుంచి రక్తం రావడానికి ఒకటి రెండు నెలలైనా పడుతుంది. ఫోలిక్ యాసిడ్ నిల్వ మూడు నాలుగు నెలలు వస్తుంది. (మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1940లలో అమెరికాలో ప్రయోగశాలలో తయారుచేసి చూపించిన విటమిన్ ఇదే, గర్భిణులకి ఇచ్చే ఐరన్ మాత్రలో ఇప్పటికీ ఉంటుంది.) బీ12 అయితే కాలేయంలో ఏళ్లకి సరిపడా దాచుకుంటుంది. కాబట్టి ఈరోజు షిఫ్టులో వచ్చిన నీరసానికి ఈరోజు విటమిన్ తగ్గడం కారణం కానే కాదు.

ఇక గ్లూకోజ్ పొడి. అందులో ఉండేది దాదాపు చక్కెరే, కావలసినంత ఉప్పు ఉండదు. ఓఆర్‌ఎస్‌లో కూడా గ్లూకోజ్ ఉంటుంది కదా అంటారేమో, అక్కడ దాని పని వేరు. పేగు గోడలో సోడియమూ గ్లూకోజూ జంటగా లోపలికి వెళ్లే దారి ఒకటుంది, ఆ జంట వెనకే నీళ్లూ వెళతాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన ఫార్ములాలో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్ అని కొలత పెట్టారు. 1971లో బంగ్లా శరణార్థుల శిబిరంలో కలరా ముంచుకొచ్చి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఇలాంటి ఉప్పు, గ్లూకోజ్ నీళ్లే తాగించి వేలమందిని బతికించారు.

మీ ఆయనకి నేను చెప్పేది: మల్టీవిటమిన్, గ్లూకోజ్ పొడి రెండూ ఆపేయండి. డ్యూటీకి వెళ్లేటప్పుడు ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ సీసాలో పోసి ఇవ్వండి, ఇంట్లో అలవాటుంటే ఉప్పేసిన గంజో తరవాణో అయినా సరే. మూడు పూటలా సరిగ్గా తినే మనిషికి మామూలు రోజుల్లో అది చాలు. డబుల్ డ్యూటీ పడినరోజు, పిక్కలు పట్టేసినరోజు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలపొచ్చు. బీపీ ఉంటే మాత్రం ఈ ఉప్పు సలహా డాక్టరుని అడిగాకే. ఒకటి రెండు రోజులు సెలవు తీసుకుని ఇంట్లో ఉన్నా నీరసం పోవట్లేదంటే అది చెమట నీరసం కాదు, హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్ చూపించండి.

ప్రశ్న: మా మావయ్య గారికి 74 ఏళ్లు. బీపీ ఉందని ఉప్పు తగ్గించాం, నీళ్లు బాగా తాగమని మేమే పోరు పెట్టేవాళ్లం. గత నెల ఉన్నట్టుండి తడబడుతూ నడవడం, మా పేర్లు మర్చిపోవడం మొదలైంది. పక్షవాతమేమోనని పరుగెత్తితే సోడియం 121కి పడిపోయిందన్నారు. పైగా నీళ్లు తగ్గించమన్నారు, నాలుగు రోజులు అక్కడే ఉంచారు. అంత చిన్నదానికి నాలుగు రోజులా? ఉప్పు పట్టిస్తే సరిపోయేది కాదా? – ఎంవీపీ కాలనీ పాఠకురాలు

జవాబు: చిన్నది కాదమ్మా, 121 అంటే ఫిట్స్ కూడా రావచ్చు. వెంటనే తీసుకెళ్లి మంచి పని చేశారు.

రిపోర్టులో సోడియం తగ్గిందంటే ఒంట్లో ఉప్పు తగ్గిందనే అనుకుంటాం. ఆ అంకె చెప్పేది రక్తంలో నీళ్లకి సోడియం ఎంత పాళ్లలో ఉందన్నది. చారులో ఉప్పు తక్కువేసినా చప్పగా ఉంటుంది, నీళ్లు ఎక్కువ పోసినా చప్పగానే ఉంటుంది. పెద్దవాళ్లలో రెండోదే ఎక్కువ చూస్తాం. వయసు పెరిగేకొద్దీ అదనపు నీటిని బయటికి పంపే శక్తి కిడ్నీలకి తగ్గుతుంది. దానికి తోడు బీపీ మాత్రల్లో హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ లాంటి మందు కలిసి ఉంటే సోడియం ఇంకా సులువుగా పడిపోతుంది. ఆయన వేసుకునే మాత్రల స్ట్రిప్ తిప్పి చూడండి, పేరు చివర "హెచ్" అని ఉంటే చాలాసార్లు అదే. అలాగని మీరే ఆపేయకండి, ఏ మాత్ర మార్చాలో ఆయన డాక్టరే చెప్పాలి.

నాలుగు రోజులు ఎందుకంటే, పడిపోయిన సోడియాన్ని ఒక్కసారిగా లేపకూడదు. రోజుకి ఎనిమిది, పది పాయింట్లు మించి పెరిగితే మెదడులోని నరాల పైపొర దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే పదే పదే రక్తం తీసి చూస్తూ మెల్లగా పెంచుతారు. ఇంట్లో చెంచాలతో ఉప్పు పట్టించి ఉంటే వాంతులయ్యేవి తప్ప పని జరిగేది కాదు. ఇంకో సంగతి: గుండెకి మంచిదని "తక్కువ సోడియం ఉప్పు" కొంటుంటారు చాలామంది. అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్ర వేసుకునేవాళ్లకి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి దానివల్ల పొటాషియం పెరిగిపోవచ్చు. మీ ఇంట్లో ఆ ప్యాకెట్ ఉంటే ముందు డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: ఈసారి ఫ్రెండ్స్‌తో సింహాచలం గిరిప్రదక్షిణ చేద్దామనుకుంటున్నాను. ఎనర్జీ డ్రింక్, కొబ్బరి నీళ్లు, ఓఆర్‌ఎస్ – వీటిలో ఏది బెటర్? – మద్దిలపాలెం విద్యార్థి

జవాబు: తమ్ముడూ, ఎనర్జీ డ్రింక్ ముందు పక్కన పెట్టు. అందులో కెఫీన్, చక్కెర, పేరుకి కొన్ని బీ విటమిన్లు, అంతే. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరి హనుమంతవాక, అప్పూఘర్ మీదుగా కొండ చుట్టూ తిరిగొచ్చే 32 కిలోమీటర్లలో బీ విటమిన్ తక్కువై ఎవరూ పడిపోరు. ఆషాఢంలో వాన పడ్డా మనకి ఉక్క తగ్గదు, గాలిలో తేమ వల్ల చెమట ఆరకుండా కారిపోతుంది, ఒళ్లు చల్లబడదు గానీ ఉప్పు మాత్రం పోతుంది.

కొబ్బరి నీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం కాబట్టి బోండాం ఒక్కటే సరిపోదు, రుచికి తాగు. దారిలో సేవ చేసేవాళ్లు ఇచ్చే పులిహోర, మజ్జిగ ఉన్నాయి చూశావా, వాటికి మించిన ఎలక్ట్రోలైట్ డ్రింక్ లేదు. భయం కొద్దీ సీసాల మీద సీసాలు ఉత్త నీళ్లు పట్టించకు, దాహం వేసినప్పుడు తాగు. పైన మావయ్య గారికి జరిగిందే గంటల తరబడి నడిచే కుర్రాళ్లకీ జరగొచ్చు. తలనొప్పి, వాంతులు, అయోమయం మొదలైతే ఇంకా నీళ్లు తాగించకుండా మెడికల్ క్యాంపుకి తీసుకెళ్లాలి.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒకటి జేబులో పెట్టుకో, కానీ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి. పెద్దది అర గ్లాసులో కలిపి గటగటా తాగితే కడుపు పాడవుతుంది. పండ్ల రసం డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అని రాసి అమ్మేవాళ్లు ఒకప్పుడు, చక్కెర నీళ్లకి ఆ పేరేంటని హైదరాబాద్ పిల్లల డాక్టరు ఒకరు ఏళ్లపాటు పోరాడితే 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. అయినా లేబుల్ చదివే కొను.

ప్రశ్న: బీ కాంప్లెక్స్ వేసుకుంటే మూత్రం పచ్చగా వస్తోంది. కిడ్నీ ప్రాబ్లమా? టెన్షన్‌గా ఉంది. – అక్కయ్యపాలెం పాఠకుడు

జవాబు: టెన్షన్ వద్దు. అది బీ2 రంగు, మీకు అక్కర్లేనిది బయటికి పోతోంది. డబ్బులు కూడా దాంతోపాటే పోతున్నాయనుకోండి, అది వేరే విషయం.

ప్రశ్న: మా అమ్మకి నీరసంగా ఉంటే మా ఊరి ఆర్ఎంపీ గారు నెలకోసారి పసుపు రంగు సెలైన్ ఎక్కిస్తారు. ఎక్కించినరోజు బాగానే ఉంటుంది, వారం తిరక్కుండా మళ్లీ మామూలే. అమ్మకి షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతుంది. – పెందుర్తి పాఠకుడు

జవాబు: అర లీటరు సెలైన్ సీసాలో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతా అంతా నీళ్లు. పసుపు రంగు విటమిన్ ఇంజెక్షన్ కలిపినందుకు, పై ఉత్తరంలో చెప్పిన బీ2దే. వాంతులూ విరేచనాలూ లేని మనిషికి ఆ నీళ్లతో పనిలేదు, గుండె బలహీనంగా ఉంటే ఆయాసం కూడా రావచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గడం మామూలే, మాంసం, గుడ్లు, పాలు తక్కువ తినేవాళ్లయితే మరీను. ముందు బీ12, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. తక్కువని తేలితే బీ12 మాత్రో ఇంజెక్షనో పద్ధతిగా వాడాలి, సీసా అవసరం లేదు.

ప్రశ్న: డి విటమిన్ తక్కువుందని వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల సాచెట్లు రాశారు. మా అత్త పొరపాటున నెల రోజులుగా రోజూ ఒకటి వేసుకుంది. ఇప్పుడు దాహం, మలబద్ధకం, వాంతి వచ్చేలా ఉందంటోంది. విటమినే కదా, ఫరవాలేదా? – సీతమ్మధార పాఠకురాలు

జవాబు: ఫరవాలేదు అనను. బీ, సి విటమిన్లలాగా డి మూత్రంలో పోదు, కొవ్వులో నిల్వ ఉండిపోతుంది. పేగు నుంచి కాల్షియాన్ని రక్తంలోకి లాగడం దాని పని. విటమిన్ అతిగా పడితే రక్తంలో పెరిగేది కాల్షియం అనే ఎలక్ట్రోలైట్, మీ అత్తయ్య గారి దాహం, మలబద్ధకం, వికారం మూడూ దాని లక్షణాలే కావచ్చు. అలాగే వదిలేస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. సాచెట్లు, కాల్షియం మాత్రలు ఉంటే అవీ ఈరోజే ఆపించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, కాల్షియం, క్రియాటినిన్ పరీక్షలు రాస్తారు. ఆపిన తర్వాత కూడా నిల్వ ఉన్న డి వారాలపాటు పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి ఒక్కసారి పరీక్షతో ఊరుకోకూడదు. వెళ్లేటప్పుడు ఖాళీ సాచెట్లు ఎన్ని ఉంటే అన్నీ సంచీలో వేసుకెళ్లండి, ఎంత పడిందో డాక్టరు లెక్క వేసుకోవాలి.