పాత చెక్క లేతు కొనే ముందు, కొన్న తర్వాత

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

సఖినేటిపల్లి వైపు ఎవరో పాత లేతు అమ్ముతున్నారని, తీసుకుని తరిమెన పని, అంటే తిరిగే చెక్కని ఉలితో గుండ్రంగా చెక్కే పని, నేర్చుకుంటానని రాశావు. తప్పకుండా నేర్చుకో. కానీ బేరం ఆడే ముందు మిషన్ని చేత్తో తిప్పి చూడాలి. రంగు, తుప్పు, విరిగిన పిడి, పోయిన బెల్టు ఇవేవీ పెద్ద సంగతులు కావు. స్పిండిల్ షాఫ్టు (చెక్కని తిప్పే ఇరుసు), బెడ్డు (మిగతావన్నీ కూర్చునే పొడవాటి ఇనప దిమ్మ) బాగుంటే మిగతాదంతా బాగు చేసుకోవచ్చు. ఆ రెండూ పాడైతే ఊరికే ఇచ్చినా దండగే.

అసలు అది చెక్క లేతో ఇనప లేతో ముందు చూడు. ఉలిని బిగించే పోస్టు, దాన్ని నడిపే పొడవాటి మర స్క్రూ ఉంటే అది ఇనప లేతు, వదిలెయ్. దాని పళ్లచక్రాల్లో, నూనెలో చెక్కపొట్టు చేరిందంటే చెమ్మ పీల్చి తుప్పు పట్టిస్తుంది. చెక్క లేతుకి ఉలి ఆనించుకునే టూల్ రెస్టు ఒక్కటే ఉంటుంది, ఉలిని పట్టుకునేది నీ చెయ్యే.

బెల్టు తీసేసి స్పిండిల్‌ని వేళ్లతో తిప్పు. మెత్తగా, చప్పుడు లేకుండా తిరగాలి. ఇసక నలిగినట్టు గరగరమంటే బేరింగు పోయింది. తర్వాత ఫేస్ ప్లేటుకి, అంటే స్పిండిల్ కొసన బిగించే గుండ్రటి పలకకి, రెండడుగుల కర్ర మరలతో బిగించి, దాని చివర పట్టుకుని పైకీ కిందకీ ఊపు. లోపల టక్కుమని వదులు ఆట తెలిస్తే బేరింగైనా అరిగి ఉండాలి, బేరింగు కూర్చునే చోట షాఫ్టైనా అరిగి ఉండాలి. బేరింగు మార్చుకోవచ్చు. షాఫ్టే అరిగితే కొత్తది చేయించాలి, ఆ ఖర్చు బేరంలో తగ్గించమను. బాల్ బేరింగు మీద నంబరు చదువు. 6204 అయితే లోపలి బెజ్జం 20 మిల్లీమీటర్లు, 6205 అయితే 25, 6206 అయితే 30. ఇవి ఏ బేరింగుల కొట్లోనైనా దొరుకుతాయి. పొట్టు దూరకుండా రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నవే అడుగు. పాత వాటిలో కొన్నిటికి బేరింగు బదులు కంచు గొట్టం లాంటి బుష్షూ, పైన నూనె గిన్నే ఉంటాయి. అవి చెడ్డవేం కావు, రోజూ నూనె పోసే ఓపిక ఉండాలంతే.

టెయిల్ స్టాకుని (కర్ర రెండో కొసని పట్టే, బెడ్డు మీద జరిగే దిమ్మ) హెడ్ స్టాకు (స్పిండిల్ ఉండే దిమ్మ) దాకా జరిపి, కర్రని రెండు కొసలా పట్టే సెంటర్ల మొనలు రెండూ ఎదురెదురుగా పెట్టు. మొనకి మొన తగలాలి. పక్కకి తప్పితే టెయిల్ స్టాకు కిందైనా పొట్టు, తుప్పు పేరుకుని ఉంటాయి, లేదా బెడ్డు మెలితిరిగి ఉంటుంది. మొదటిది తుడిస్తే పోతుంది. స్పిండిల్ లోపలి మోర్స్ టేపరులో, అంటే సెంటరు దిగే, లోపలికి సన్నబడే బెజ్జంలో, వేలు పెట్టి గీతలున్నాయేమో తడుము. నోటి దగ్గర బెజ్జం సుమారు 17.8 మిల్లీమీటర్లుంటే అది నంబరు 2, సుమారు 12 ఉంటే నంబరు 1. నంబరు 2కి సామాను తేలిగ్గా దొరుకుతుంది. స్పిండిల్ బయట మర ఏ కొలతో కూడా రాసుకో, రేపు చెక్కని దవడలతో పట్టే చక్ కొనాలన్నా ఫేస్ ప్లేటు చేయించాలన్నా అదే అడుగుతారు.

మోటారు సంగతి మన ప్రాంతంలో ప్రత్యేకం. 2022 జూలై వరదల్లో లంక ఊళ్లలో చాలా సామాను మునిగింది. ఫ్యాను మూత తీసి లోపల ఒండ్రు మరక ఉందేమో చూడు. ఉంటే వైండింగ్ షాపులో మెగ్గర్ (కరెంటు లీకవుతోందేమో చూసే మీటరు) పెట్టించకుండా కరెంటు ఇవ్వకు. మోటారు హుమ్మని తిరగకుండా నిలబడితే చాలావరకు కెపాసిటర్ పోయినట్టు. వెంటనే ఆపెయ్, అలాగే ఉంచితే వైండింగ్ కాలిపోతుంది. త్రీ ఫేజ్ మోటారైతే ఇంటి కరెంటుకి నేరుగా నడవదు, అదీ బేరంలో చెప్పు.

తెచ్చేటప్పుడు టెయిల్ స్టాకూ మోటారూ విడిగా విప్పించు. రేవు దాటించే పంటు మీద తేవాలి కాబట్టి బెడ్డుకే తాళ్లు వేసి బిగించు. స్పిండిల్‌కి తాడు కట్టి ఎవరూ ఎత్తకుండా చూసుకో.

ఇంటికొచ్చాక తుప్పుకి కిరసనాయిలు పూసి ఒక పూట వదిలేసి, 220 నంబరు ఎమరీ కాగితంతో రుద్దు. టేపరు లోపల మాత్రం ఎమరీ పెట్టకు, గుడ్డతో తుడువు, చాలు. బెడ్డుకి నూనె పూస్తే పొట్టు అంటుకుని ముద్దవుతుంది. కొవ్వొత్తి మైనం రుద్ది పొడిగుడ్డతో మెరుగు పెట్టు. సముద్రపు గాలి తగిలే ఊళ్లో వానాకాలమంతా పదిహేను రోజులకోసారైనా ఈ మైనం పెట్టాలి. ఏళ్ల తరబడి కదలకుండా పడున్న వి-బెల్టు అదే వంపులో బిగుసుకుపోయి, తిరిగేటప్పుడు దబదబమని కొడుతుంది. దాన్ని బాగు చేయాలని చూడకు, కొత్తది వెయ్. ఏ-40 అంటే లోపలి చుట్టుకొలత 40 అంగుళాలు.

స్టాండు ఎత్తు ఎంతంటే, స్పిండిల్ నడిమధ్య నీ మోచేతికి సమంగా రావాలి. కింద పలకలేసి నాలుగు బస్తాల ఎండు ఇసక పేర్చు. గోదావరి ఇసక పక్కనే పెట్టుకుని మిషను అదురుతోందని బాధపడేవాళ్లని చూస్తే నాకు కష్టంగా ఉంటుంది.

వేగం లెక్క చిన్నదే. మోటారు చుట్లని మోటారు పుల్లీ సైజుతో హెచ్చవేసి స్పిండిల్ పుల్లీ సైజుతో భాగించాలి. 1440 చుట్ల మోటారుకి 3 అంగుళాల పుల్లీ, స్పిండిల్‌కి 5 అంగుళాల పుల్లీ ఉంటే నిమిషానికి 864 చుట్లు. మూడంగుళాల లోపు కర్రని గుండ్రం చేయడానికి ఇది సరిపోతుంది. గుండ్రమయ్యాక 1440కి మార్చు. ఎనిమిది అంగుళాల గిన్నె ముక్క జోలికి మొదటి ఆరు నెలలు వెళ్లకు. వెళ్లే రోజుకి 600 దాటకుండా పుల్లీ మార్పించుకో. చెక్క పైభాగం నీ వైపుకి తిరుగుతూ రావాలి. ఎదురు తిరిగితే మోటారు తీగలు మార్పించాలి, లేకపోతే ఫేస్ ప్లేటు ఊడొస్తుంది.

ఉలుల దగ్గర గట్టిగా చెబుతున్నాను. ఆకురాయిని సానపట్టి ఉలి చేసుకోమని నీకు చెప్పేవాళ్లు ఉంటారు. వినకు. ఆకురాయి ఉక్కు గాజులా పెళుసు, చెక్క కరుచుకున్న క్షణంలో ముక్కలై మొహం మీదకొస్తుంది. హైస్పీడ్ స్టీలువి నాలుగు కొను: ముప్పావు అంగుళం రఫింగ్ గౌజు (కర్రని మొదట గుండ్రం చేసే దోనె ఉలి), అరంగుళం స్పిండిల్ గౌజు (వంపులు తీసే దోనె ఉలి), పార్టింగ్ టూలు (ముక్క కోసి విడదీసే సన్న ఉలి), గుండ్రపు మొన స్క్రేపరు (గీకే ఉలి). రఫింగ్ గౌజు రెండు సెంటర్ల మధ్య పెట్టిన కర్రకే. గిన్నె మీద పెడితే దాని సన్నటి మెడ విరుగుతుంది.

సాన రాయి 80 నంబరు తెల్లది తీసుకో. రఫింగ్ గౌజు అంచు వెనక సానపట్టిన వాలు 45 డిగ్రీలు. వాలు మీద నల్ల మార్కరు పూసి, రాయికి ఆనించి చేత్తో రాయిని ఒక్క చుట్టు తిప్పు. నలుపు అంతటా సమంగా చెరిగితే కోణం కుదిరింది, అంచు దగ్గరే చెరిగితే పిడి ఎత్తుగా ఉంది, మడమ (అంచుకి దూరంగా ఉండే వాలు కొస) దగ్గరే చెరిగితే బాగా కిందకుంది. మొదటి నెలంతా చెక్క తిప్పడం కంటే సాన పట్టడమే ఎక్కువుంటుంది, ఉండాలి కూడా. మొద్దు ఉలిని నొక్కుతావు, నొక్కిన ఉలి కరుచుకుంటుంది.

చెక్కకి కోత మిల్లులో సుబాబుల్, వేప తుంపులు అడుగు. మాను నడిబొడ్డు ముక్కలో రాకూడదు, అది ఉంటే ఆరేటప్పుడు పగులుతుంది. పచ్చి ముక్కలైతే రెండు కొసలకీ కరిగించిన మైనం పూసి నీడన పెట్టు. సరుగుడు, చింత తర్వాత చూద్దువు. కొబ్బరి మొద్దు పైన రాయిలా, లోపల దూదిలా ఉంటుంది, నేర్చుకునేవాడికి పనికిరాదు. జీడిమామిడి జీడికి ఒళ్లు పొక్కుతుంది.

స్విచ్ వేసే ముందు లుంగీ మార్చి ప్యాంటు వేసుకో. మెడలో తువ్వాలు, చేతికి తాడు, ఉంగరం, గ్లౌజులు ఏవీ వద్దు. మొహానికి అడ్డు పలక, ముక్కుకి మాస్కు పెట్టుకో. టూల్ రెస్టుకి చెక్క ఎక్కడా తగలకుండా చేత్తో ఒక చుట్టు తిప్పి చూసి, పక్కకి నిలబడి స్విచ్ వెయ్. రెస్టు చెక్కకి పావు అంగుళం దూరంలో ఉండాలి. చెక్క సన్నబడే కొద్దీ మిషను ఆపి దగ్గరకి జరుపుకోవాలి.

పిడిని నడుముకి ఆనించి ముందు ఉలి రెస్టు మీద పెట్టు, తర్వాత వాలు మడమని తిరిగే చెక్క మీద ఆనించు. ఏమీ తెగదు, ఊరికే రాసుకుంటుంది. ఇప్పుడు పిడిని కొద్దికొద్దిగా ఎత్తు. ఒక చోట అంచు అందుకుని, చిత్రిక పట్టినప్పుడు వచ్చేలాంటి సన్నటి తరుగు లేస్తుంది. అక్కడ ఆపి ఒళ్లంతా కదిలిస్తూ పక్కకి జరుపు. పొడి రాలుతోందంటే కోయడం లేదు, గీకుతున్నావు. ఉలి ఎప్పుడూ మిట్ట నుంచి పల్లానికే నడవాలి, ఎదురు నడిపితే నార లేచిపోతుంది.

మొదట పన్నెండంగుళాల అప్పడాల కర్రలు ఆరు చెయ్. కాలిపర్స్‌తో కొలిస్తే కొస నుంచి కొస దాకా అరమిల్లీమీటరు తేడా కూడా రాకూడదు. ఆ తర్వాత పప్పుగుత్తి, బొంగరం. వంటింటి సామానుకి వార్నిషు వద్దు, తేనె మైనం చాలు. అవిసె నూనె వాడితే ఆ గుడ్డల్ని ఉండచుట్టి పడెయ్యకు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. తీగ మీద విప్పి ఆరెయ్.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆరో అప్పడాల కర్రా, రఫింగ్ గౌజూ పట్టుకురా. గౌజుకి మళ్లీ సాన పెట్టకు, ఆ కర్ర పూర్తయ్యేసరికి ఎలా ఉందో అలాగే తీసుకురా. దాని అంచు చూస్తే నీ చెయ్యి ఎక్కడ తప్పుతోందో చెప్పగలను.

ఇట్లు,
మావయ్య