బడిలోకి టెక్నాలజీ ఎప్పుడొచ్చింది? మా ఊళ్లో అయితే 1975లో

బడుల్లో టెక్నాలజీ ఎప్పుడు మొదలైంది, మీరు చూసినంతలో ఎలా మారుతూ వచ్చింది అని అడిగారు. ఈ మాట వస్తే చాలామంది కంప్యూటర్ల దగ్గర అందుకుంటారు. నేను టీవీ దగ్గర మొదలుపెడతాను. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం కూడా లేని రోజుల్లో పాలమూరు జిల్లాలోని మా ఊరి బడికి వచ్చిన టీవీ అది.

1975 ఆగస్టు. నేను నాలుగో తరగతి. అంతకు కొన్నాళ్ల ముందే జీపులో మనుషులొచ్చి బడి ముందు పది అడుగుల వెడల్పున్న గొడుగులాంటి టీవీ యాంటెన్నా ఒకటి బిగించి పోయారు. రేకు కాదు, కోళ్ల గూటికి కట్టే ఇనుప జాలీ. మా తాత దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇండ్ల కోళ్లను ఎట్ల ఆపుతరు?" అన్నాడు.

ఉపగ్రహం ద్వారా ఊళ్లకు టీవీ పాఠాలు పంపే ఆ ప్రయోగాన్ని 'సైట్' అనేవారు. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు మనకు వాడుకోనిచ్చింది. నేల మీది పరికరాల పని ఇస్రోది, కార్యక్రమాల పని ఎక్కువగా ఆకాశవాణిది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లు. సెట్లు తయారైంది హైదరాబాద్‌లోని మన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్‌లో. ఈ కల కన్న అంతరిక్ష శాస్త్రవేత్త విక్రమ్ సారాభాయ్ 1971లోనే పోయారు, చూడలేదు. ఇవన్నీ నేను టీచరయ్యాక తెలుసుకున్నవి. అప్పుడు మాకు తెలిసింది ఒకటే, ఆకాశం నుంచి బొమ్మలు దిగుతున్నాయని.

పొద్దున గంటన్నర ప్రసారం. నాలుగు భాషలు పంచుకుంటే తెలుగు వంతుకు వచ్చేది 22 నిమిషాలు. మా సార్ ఐదు నిమిషాల ముందే పెట్టె తలుపులకున్న తాళం తీసేవారు. తెర మీద చుక్కలు చుక్కలుగా బియ్యం చల్లినట్టు ఉంటే, దాన్నే కళ్లార్పకుండా చూసేవాళ్లం. పాఠం అయిపోగానే సార్ టీవీ కట్టేసి, పిల్లల వైపు తిరిగి, "ఇప్పుడు చెప్పుండ్రి, ఏం చూసిండ్రు?" అనేవారు. నా దృష్టిలో అసలు పాఠం అప్పుడు మొదలయ్యేది. టీవీలో ఏం చూపించారో నాకు పెద్దగా గుర్తులేదు. ఆ తర్వాత సార్ అడిగినవి మాత్రం గుర్తున్నాయి.

ఆ టీవీ పాఠాలు పిల్లలకే కాదు. ఆ ఏడాదిలో రెండు విడతలుగా దాదాపు 50 వేల మంది ప్రైమరీ టీచర్లకు సైన్స్ ఎలా చెప్పాలో అదే ఉపగ్రహం ద్వారా శిక్షణ ఇచ్చారు. ఒక్కో విడత 12 రోజులు. మా సార్ కూడా పోయొచ్చారు. వచ్చిన మర్నాడే గ్లాసు నిండా నీళ్లు పోసి, పైన పోస్టు కార్డు పెట్టి, బోర్లించి చెయ్యి తీసేశారు. నీళ్లు పడలేదు. క్లాసంతా కేకలు. గాలికి బలముందని నేను నమ్మింది ఆ రోజే.

1976 జులై 31తో అంతా బంద్. ఒప్పందం ఏడాదికే కాబట్టి ఉపగ్రహం వెనక్కి పోయింది. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చినా దాని సిగ్నల్ మా ఊరి దాకా అందలేదు. టీవీ పెట్టె మీద చాక్‌పీసు డబ్బాలు పెట్టుకున్నారు. జాలీ ఏమైందో నేను చెప్పను గానీ, మా తాత అంచనా తప్పలేదు.

1990లో నేనూ టీచరయ్యాను. నేను పనిచేసిన ఒక బడికి టూ-ఇన్-వన్, అంటే రేడియో, టేప్‌రికార్డర్ కలిసిన పెట్టె, వచ్చింది. అది బీరువాలోనే ఉండేది, పాడైతే ఎవరు కట్టాలి అన్న భయంతో. తర్వాత రేడియోలో 'విందాం నేర్చుకుందాం' వచ్చాక ఆ బీరువా తెరవక తప్పలేదు. రేడియో అక్క ప్రశ్న అడిగి కాసేపు ఆగేది. ఆ సందులో పిల్లలు గొంతు చించుకుని జవాబు చెప్పేవారు. రేడియో "భలే చెప్పారు!" అనగానే, మన మాట దానికి వినపడిందని రెండో తరగతి వాళ్లు నిజంగానే నమ్మేవారు. ఖర్చు లేని పని, నాకు బాగా నచ్చింది.

కంప్యూటర్ల గురించి తక్కువే చెప్తాను. నేను చూసిన ఒక హైస్కూల్లో గది బయట చెప్పులు విప్పాలి, లోపల ఒక్కో దాని ముందు ఐదుగురు. మౌస్ పట్టుకున్నవాడే నేర్చుకుంటాడు, మిగతా నలుగురూ సినిమా చూసినట్టు చూస్తారు. యూపీఎస్ బ్యాటరీలు పోయాక ఆ గది తాళం తీసినవాళ్లు లేరు.

అన్నట్టు, టెక్నాలజీ అంటే ప్లగ్గు ఉండాలన్న రూలేం లేదు. మార్కాపురం రాతి పలక ఎన్ని తరాలకు చదువు చెప్పిందో చూడండి. అంతకు ముందు ఇసుక. 1790ల్లో మద్రాసు ఎగ్మోరు అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ అనే దొర, ఇక్కడి వీధిబడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బడిలో పెట్టాడు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పే పద్ధతిని దానికి జోడించి, 1797లో పుస్తకం వేశాడు. ఇంగ్లండులో అది మద్రాసు పద్ధతిగా చాలా బడులకు పాకింది.

ఇక 2020. కరోనాతో బడులు మూతపడి, సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ ఛానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. 45 ఏళ్ల తర్వాత మళ్లీ ఆకాశం నుంచి టీవీ పాఠాలే. పిల్లలు చూస్తున్నారో లేదో కనుక్కోవడానికి మాస్కు పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాణ్ని. ఒకింట్లో ముసలమ్మ, "టీవీల సార్ ఉరుకులాడుతుండు, పోరనికి ఎక్కుతలేదు, జర నువ్వు చెప్పు సారూ" అంది. అరుగు మీద కూర్చుని, "ఏం చూసినవ్ రా?" అని అడిగాను.

"సగమే చూసిన సార్. నడుమ కరెంటు పోయింది" అన్నాడు.

మిగతా సగం అక్కడే చెప్పాను. చివరికొచ్చేసరికి పక్కింటి పిల్లలు ఇంకో ముగ్గురు చేరారు, మాస్కులు గదవ కింద పెట్టుకుని.