పోస్ట్‌మాన్‌కి మోయలేనంత లోడు ఇస్తే యూనియన్ ఏం చేయగలదు? మా గుంటూరు అనుభవం

మీ తమ్ముడు విజయవాడలో కొత్తగా పోస్ట్‌మాన్‌గా చేరాడు, మోయలేనంత ఇస్తన్నారు, కెనడాలో యూనియన్ వాళ్ళు డెలివరీ పద్ధతి మీదే గొడవ చేశారంట, ఇక్కడ అలా అడిగితే ఉద్యోగానికి ఏమన్నా అవుద్దా అని కదా అడిగారు. నేను గుంటూరులో పోస్ట్‌మాన్‌గా చేసి రిటైరయ్యానండి, యూనియన్‌లో కూడా తిరిగాను. అడగొచ్చు. ఒక్కడే వెళ్ళి అడగకూడదు, అంతే.

కెనడా సంగతి ముందు చెప్తా. 2010లో విన్నిపెగ్‌లో కెనడా పోస్ట్ కొత్త పద్ధతి పెట్టింది, ఉత్తరాలు ఒక కట్ట చేతిలో, ఇంకో కట్ట ముంజేతి మీద పెట్టుకోని ఇంటింటికీ నడుస్తా రెండిట్లోంచీ ఏరి ఇవ్వాలి. అది మంచు పడే ఊరు, కింద మెట్టు చూసుకోవాలా చేతిలో అడ్రస్ చూసుకోవాలా చెప్పండి. మనిషి జాగ్రత్తగా లేక పడటం కాదు, పద్ధతే పడేసేలా ఉందని వాళ్ళ యూనియన్ సీయూపీడబ్ల్యూ పట్టుబట్టింది. ప్రమాదమున్న పని చేయనని చెప్పే హక్కు వాళ్ళ లేబర్ కోడ్‌లోనే ఉంది. మనకి ఆ వెసులుబాటు లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1964 కాండక్ట్ రూల్స్‌లో 7వ రూలు సమ్మె కూడదంటది, పనిచేసే చోట భద్రత కోసం చేసిన 2020 సేఫ్టీ కోడేమో కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకి వర్తించదని మొదటి సెక్షన్‌లోనే రాసేశారు. అందుకని ఇక్కడ ఏం చేసినా కాగితం మీద చేయాలి.

మా గుంటూరు బ్రాడీపేట తెలిసినవాళ్ళకి అర్థమవుద్ది, లైన్లు, అడ్డరోడ్లు, దూరం ఏమంత ఉండదు గానీ దిగటం ఎక్కటమే పని. టైం కలిసొస్తదని ఎడమ చేతిలో తర్వాతి లైను కట్ట, కుడి చేత్తో హ్యాండిలు, తొక్కుతానే నంబర్లు చూసుకునేవాళ్ళం. ఏ రూల్లోనూ లేదది. పక్క బీటు, అంటే పక్క ఏరియాలో పంచే మనిషి లీవు పెడితే ఆ బీటు కూడా మన నెత్తినే వేసేవాళ్ళు, మరి సాయంత్రానికి తేలాలంటే అంతకన్నా దారి లేదు. ఆ తర్వాత ఉత్తరాలు తగ్గి పార్సిళ్ళు పెరిగినయ్, హ్యాండిల్‌కి రెండు పక్కలా సంచులు, వెనక క్యారేజీకి అట్టపెట్టెలు కట్టుకోని పోయేవాళ్ళం.

మాతో చేసే ఆయన ఒకాయన అలా లోడుతో మలుపు తిరుగుతుంటే కుక్క అడ్డమొచ్చి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. పైనుంచి వచ్చిన కాగితంలో అజాగ్రత్త అని రాశారు. ఆఫీసు పేరు ఎందుకులెండి, అప్పటివాళ్ళెవరూ ఇప్పుడు లేరు. కుర్రాళ్ళు ధర్నా అన్నారు, మా సెక్రటరీ గారు మాత్రం ముందు తూకం వేయండ్రా అన్నాడు. పొద్దున్నే బయల్దేరేముందు పార్సిల్ కాటా మీద ఎవరి బ్యాగు వాళ్ళు పెట్టటం, బీటు నంబరు, కేజీలు ఒక పుస్తకంలో రాసి పోస్ట్‌మాస్టర్ గారిని సంతకం అడగటం, ఆయన పెట్టనంటే పెట్టలేదని అదే లైన్లో రాయటం. దానికి తోడు బండి నడిచేటప్పుడు కట్ట ముట్టుకోం, ప్రతి మలుపులో స్టాండు వేసి చూసుకోని కదుల్తాం అన్నాం. ఇందులో తప్పుబట్టటానికేముంది? బట్వాడా చీకటి పడేదాకా సాగింది, జనం కంప్లైంట్లు పెట్టారు, డివిజన్ ఆఫీసు వాళ్ళే మీటింగ్‌కి పిలిచారు, అక్కడ ఈ పుస్తకం టేబుల్ మీద పెట్టేసరికి అజాగ్రత్త అన్న మాట మళ్ళీ రాలేదు.

పెద్ద పార్సిళ్ళు ఆటోలో వేసి పంపటం అలా మొదలైంది, లీవుల్లో అవుట్‌సైడర్‌ని, అంటే బయటి మనిషిని తాత్కాలికంగా పెట్టుకోటానికి కూడా చాలావరకు ఒప్పుకున్నారు. ఎండాకాలం పెందలాడే వదలమన్నది మాత్రం తేలలా, బ్యాగుల బండి వచ్చేదే ఆ టైంకి అన్నారు. సైకిల్ అలవెన్సు ఇంకో వింత, 7వ పే కమిషన్ తర్వాత నెలకి 90 నుంచి 180 చేశారు, సొంత బైకులో సొంత పెట్రోలు పోసుకునేవాడికి అది ఏ మూలకి!

మీ తమ్ముడి రోజుల్లో కట్ట బదులు ఫోను వచ్చింది, యాప్‌లో సంతకాలు, ఓటీపీలు. బండి ఆపి, స్టాండు వేసి చేయమనండి, ఎవరు తొందరపెట్టినా సరే.

ఇంకోటి, చాలామంది వదిలేసేది. రెగ్యులర్ పోస్ట్‌మాన్ అయితే డ్యూటీలో దెబ్బ తగిలినప్పుడు వర్క్ రిలేటెడ్ ఇల్‌నెస్ అండ్ ఇంజురీ లీవ్ అని 2017 నుంచి ఉంది, ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ పూర్తి జీతం, బయటికొచ్చాక ఆర్నెల్ల దాకా పూర్తి జీతం, ఆపైన 12 నెలలు సగం. మనోళ్ళేమో పడిలేచి అమృతాంజనం రాసుకోని సీఎల్ పెట్టేస్తారు, నెలకి నొప్పి ముదిరితే డ్యూటీలో తగిలిందనటానికి ముక్క కాగితం ఉండదు. ఎంత చిన్న దెబ్బైనా ఆ రోజే రాసిచ్చి కాపీ మీద ముద్ర వేయించుకోమనండి.

కొత్తగా చేరాడు కాబట్టి ప్రొబేషన్‌లో ఉంటాడు, లోడు గురించిన లెటర్ మీద తన ఒక్కడి సంతకం వద్దు, బ్రాంచి సెక్రటరీ రాయాలి. ఏ యూనియన్ అంటారా, మామూలుగా 35 శాతం సభ్యత్వం ఉంటేగానీ ప్రభుత్వ గుర్తింపు రాదు, ఉన్నది కూడా పోవచ్చు, 2023 ఏప్రిల్‌లో ఎన్ఎఫ్‌పీఈ అనే పోస్టల్ యూనియన్ల సమాఖ్యకే తీసేశారుగా. అందుకని జెండా రంగు చూడకుండా, ఆ డివిజన్‌లో ఆఫీసర్లతో మీటింగ్‌లో కూర్చునేది ఎవరో సీనియర్లని అడిగి వాళ్ళ దగ్గరికి పొమ్మనండి.