కోచ్ నోరు దురుసు, సేఫ్టీ మాత్రం పక్కా అంటున్నారు. మా పాపను చేర్చొచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పదకొండేళ్ల పాప, ఫుట్‌బాల్ క్లబ్. కాళ్లకి కట్టే షిన్ గార్డులు లేకపోతే గ్రౌండ్‌లోకి రానివ్వరు, ఫస్ట్ ఎయిడ్ బాక్స్ ఉంది. కోచ్ మాత్రం పిల్లల్ని నలుగురిలో తిడతాడు, పేర్లు పెట్టి పిలుస్తాడు. సేఫ్టీ బాగుంది కదా, నోటి దురుసు ఒక్కదానికి సర్దుకుపోవచ్చా అని అడిగారు. సర్దుకోకండి. పిల్లల్ని వెక్కిరించే చోట సేఫ్టీ ఉండదు, ఎన్ని గార్డులు కట్టినా సరే. నాకు ఇది తెలిసిన తీరు చెబుతాను.

మా వాడు అండర్-13 టీమ్‌లో గోల్‌కీపర్‌గా ఉన్నప్పుడు నేను ఆ టీమ్‌కి మేనేజర్‌ని. పేరుకే మేనేజర్. లిస్టు రాయడం, నీళ్ల సీసాలు మోయడం, లేసులు కట్టడం, అంతే. కోచ్ మంచి ఆటగాడు. జీతం లేకుండా, తెల్లవారకముందే వచ్చి నేర్పేవాడు. అందుకే ఆయన్ని ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఊరికే చేసిపెట్టేవాడికి ఎదురు చెప్పకూడదన్నది ఇలాంటి క్లబ్బుల్లో రాయని రూలు. ఆయనకో అలవాటు ఉండేది. దెబ్బ తగిలి కూలబడ్డ పిల్లవాణ్ణి "గాజుబొమ్మా" అని పిలిచేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను, దాచడం ఎందుకు.

ఒక లీగ్ మ్యాచ్‌లో, ఇంకా ఫస్టాఫ్ సగం కాలేదు, హెడర్ కోసం ఇద్దరు ఒకేసారి ఎగిరారు. తలలు ఢీకొన్నాయి. మా మిడ్‌ఫీల్డర్ పడిపోయి, పది సెకన్లలో లేచాడు. గీత అవతల నుంచి కోచ్ గొంతు: "ఏంటి గాజుబొమ్మా, అయిపోయిందా?" వాడు నవ్వుతూ తల అడ్డంగా ఊపాడు. నేను పరుగెత్తి "బానే ఉన్నావా?" అంటే "బానే ఉన్నా అంకుల్" అన్నాడు. అలా అడిగితే ఏ పిల్లాడైనా అదే చెబుతాడు. స్కోరు ఎంత, ఏ టీమ్‌తో ఆడుతున్నాం, పోయిన మ్యాచ్ గెలిచామా అని అడగాలని నాకు అప్పటికి తెలియదు. ఐస్ ప్యాక్ తీద్దామంటే బాక్స్‌కి తాళం. తాళంచెవి సెక్రటరీ దగ్గర. సెక్రటరీ ఆ రోజు రాలేదు. తర్వాత తెరిచి చూస్తే అందులో ఉన్నది గడువు దాటిన నొప్పి స్ప్రే డబ్బా, ఎండిపోయిన బ్యాండేజీ చుట్ట. స్ప్రే కొట్టి మళ్లీ పంపడమే వైద్యం అనుకునే ఈ పద్ధతి మీద నాకు చాలా కోపం ఉంది గానీ, అసలు విషయానికి వస్తాను.

హాఫ్ టైమ్ అయ్యాక రెండు టీమ్‌లూ వైపులు మారాయి. దెబ్బ తగిలిన ఆ మిడ్‌ఫీల్డర్ మాత్రం వెళ్లి అవతలి టీమ్ వైపు నిలబడ్డాడు. గ్రౌండ్ అంతా నవ్వు. నవ్వనిది ఒక్క మా వాడే. గోల్ వదిలేసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి "నాన్నా, వాడు ఇప్పటికి మూడుసార్లు స్కోరెంత అని అడిగాడు" అన్నాడు. నేను వెళ్లి కోచ్‌కి చెప్పాను. "మార్చడానికి మనిషి లేడు, తర్వాత చూద్దాం" అన్నాడు. నేను సరే అన్నాను. ఆ 'సరే' ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అది విన్న ఇంకో మనిషి ఉంది. రిఫరీ. పదిహేడేళ్లు ఉంటాయేమో, సన్నటి గొంతు. వచ్చి ఆ పిల్లాడితో రెండు మాటలు మాట్లాడి, "ఇతను బయటికి రావాలి. రాకపోతే నేను ఆట మొదలుపెట్టను" అంది. మా వైపు తల్లిదండ్రులు అన్న మాటలు ఇక్కడ రాయలేను. కూతురి వయసు పిల్లని, కూతురు వినకూడని మాటలు అన్నారు. ఆమె విజిల్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. వాడు బయటికి వచ్చాడు. అరగంటలో కారులో వాంతి చేసుకున్నాడు.

ఆస్పత్రిలో కంకషన్ అన్నారు, అంటే దెబ్బకి మెదడు అదిరి సరిగ్గా పనిచేయకపోవడం. అదృష్టం, మెదడులో రక్తస్రావం లేదు. మళ్లీ బంతి ముట్టుకోవడానికి నెల పట్టింది. రాత్రి వాళ్లమ్మ "నొప్పి అని అప్పుడే ఎందుకు చెప్పలేదురా" అంటే వాడు గోడ వైపు తిరిగి "గాజుబొమ్మ అంటారు కదా" అన్నాడు. నేను మంచం పక్కనే ఉన్నాను.

మీ ప్రశ్నకి నా జవాబు ఆ ఒక్క మాటే. కంకషన్ ఎక్స్‌రేలో కనిపించదు, స్పృహ తప్పాలనీ లేదు. పిల్లవాడు నోరు విప్పి చెబితేనో, పక్కవాడు గమనిస్తేనో తప్ప దాన్ని పట్టుకోవడం కష్టం. 2019 ఆగస్టులో లార్డ్స్ టెస్ట్ చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. జోఫ్రా ఆర్చర్ బంతి స్టీవ్ స్మిత్ మెడకి తగిలింది. పరీక్షలు చేసి పంపిస్తే మళ్లీ వచ్చి ఆడి 92 దగ్గర ఔటయ్యాడు. తేడా బయటపడింది మర్నాడు పొద్దున, అతని బదులు లబుషేన్ దిగాడు. టెస్టుల్లో మొదటి కంకషన్ సబ్‌స్టిట్యూట్ అదే. పక్కనే డాక్టర్లున్న చోట అంత ఆలస్యమైతే, తాళం వేసిన బాక్స్ ఉన్న చోట ఎంతవుతుందో మీరే ఊహించుకోండి. అమెరికాలో జాకరీ లిస్టెడ్ అనే పదమూడేళ్ల పిల్లాడు 2006లో తలకి దెబ్బ తగిలాక అదే మ్యాచ్‌లో మళ్లీ దిగి, చివర్లో కుప్పకూలాడు, మెదడులో రక్తస్రావం. వాషింగ్టన్ రాష్ట్రం 2009లో అతని పేరు మీద చట్టం తెచ్చింది. అనుమానం వస్తే వెంటనే బయటికి, వైద్యుల రాతపూర్వక అనుమతి లేనిదే మళ్లీ లోపలికి లేదు. దీనికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. "మార్చడానికి మనిషి లేడు" అనకపోతే చాలు.

తల దెబ్బ ఒక్కటే అనుకోకండి. వెక్కిరింపుకి భయపడి తలనొప్పి దాచే పిల్ల, ఎవరైనా తప్పుగా తాకితే మాత్రం చెబుతుందా? లారీ నాసర్ అనే అమెరికా జిమ్నాస్టిక్స్ డాక్టర్‌కి, వైద్యం పేరుతో ఆడపిల్లల్ని లైంగికంగా వేధించినందుకు 2018లో శిక్ష పడింది. అతని గురించి 1990ల చివర్లోనే పిల్లలు పెద్దవాళ్లకి చెప్పారని తర్వాత బయటపడింది. చెప్పినా వినలేదు, వినకపోతే మిగతావాళ్లు చెప్పడం మానేస్తారు. శిక్ష పడిన ఏడాదే అక్కడ చట్టం మారింది. ఔత్సాహిక క్రీడా సంఘాల్లో పెద్దవాళ్లకి అనుమానం వస్తే 24 గంటల్లో రిపోర్ట్ చేసి తీరాలి. మీ క్లబ్‌లో కోచ్ ఒక్కడే ఏ పిల్లతోనైనా తలుపు వేసిన గదిలో ఉంటాడా, కారులో ఒంటరిగా దింపుతాడా అని మొహమాటం లేకుండా అడగండి. మొహం మాడ్చుకుంటే ఇంకో క్లబ్ చూసుకోండి.

చేర్చేముందు ఒక ప్రాక్టీస్‌కి వెళ్లి ఊరికే కూర్చోండి. కప్పుల అల్మరా చూడక్కర్లేదు, వాట్సాప్ గ్రూప్‌లో పెట్టే ఫొటోలు అసలే వద్దు (పిల్లల ఫొటోలు అడక్కుండా పెట్టడం మీద నాది ఇంకో గొడవ). ఎవరో ఒకరు పడతారు. పడ్డాక మొదటి నిమిషంలో కోచ్ నోట్లోంచి ఏ మాట వస్తుందో వినండి. మిగతా పిల్లలు నవ్వుతున్నారా, దగ్గరికి వెళ్తున్నారా చూడండి.

మా కోచ్ ఇప్పటికీ ఉన్నాడు. గాజుబొమ్మ అనడం మానేశాడు, అరవడం మానలేదు. ఆ రిఫరీ మాత్రం తర్వాతి సీజన్‌లో కనిపించలేదు. మా గీత దగ్గర విన్న మాటలే కారణమని నా గట్టి నమ్మకం. థాంక్స్ చెబుదామని ఆ రోజే వెళ్లాల్సింది, వెళ్లలేదు. మా వాడు ఈమధ్య రిఫరీ కోర్సులో చేరతానంటున్నాడు. నాకు టెన్షన్‌గానే ఉంది. గీత అవతల నిలబడేది నాలాంటి వాళ్లే కదా.