ఎర్రనీరు ఏ ఏటిది?

రాజోలు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

వెలుగివ్వకుండా గురుత్వాకర్షణతోనే తన ఉనికి తెలిపే కృష్ణపదార్థం జాడను అంటార్కిటికా మీద బెలూన్‌తో వెతికే గ్యాప్స్ ప్రయోగం గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది. వాక్యం నీ చేతిలో బాగా నడుస్తోంది. కానీ ‘బెలూన్లు కృష్ణపదార్థాన్ని పట్టుకుంటాయి’ అని మొదలుపెట్టావు చూడు, అక్కడే చదివేవాడు దారి తప్పుతాడు. బెలూన్‌కు వేలాడే పరికరం దాన్ని పట్టుకోదు. కృష్ణపదార్థ కణాలంటూ ఉండి, అవి ఒకదాన్నొకటి ఢీకొని నశిస్తే పుట్టగల ప్రతికణాల కోసం, అంటే మామూలు కణాలకు ఆవేశంలాంటి గుణాలు ఎదురుగా ఉండే జోడీల కోసం వెతుకుతుంది. ఆ ‘ఉంటే’, ‘నశిస్తే’లను కొట్టేయకు. వ్యాసానికి ప్రాణం అవే.

మీ లంకలో చూస్తూనే ఉంటావుగా. వానాకాలం మొదట్లో గోదారికి ఎర్రనీరు వచ్చిందంటే ఎగువన వానలు పడ్డాయని పిల్లలు కూడా చెబుతారు. ఆ నీరు శబరిదా, ఇంద్రావతిదా, ప్రాణహితదా అంటే మాత్రం రేవులో నిలబడి చెప్పలేం. ప్రోటాన్‌కు ప్రతికణాలైన ప్రతిప్రోటాన్ల సంగతీ అంతే. అంతరిక్షంలో దూసుకుపోయే కణాలైన మామూలు విశ్వకిరణాలు నక్షత్రాల మధ్య వాయువును గుద్దుకున్నా ప్రతిప్రోటాన్లు పుడతాయి. అందుకే గ్యాప్స్ ప్రయోగం ప్రధానంగా ప్రతిడ్యుటెరాన్ కోసం చూస్తుంది. ఒక ప్రతిప్రోటాన్, ఒక ప్రతిన్యూట్రాన్ కలిసిన కేంద్రకం అది. తక్కువ శక్తితో వచ్చే ప్రతిడ్యుటెరాన్ మామూలు తాకిడుల్లో పుట్టడం బహు అరుదు.

ఈ కారణం నీ వ్యాసంలో లేదు. బెలూన్ సైజు గురించి మాత్రం పేజీ నిండా ఉంది, అది కుదించు. అంటార్కిటికాయే ఎందుకో చెబితే చాలు. అక్కడి వేసవిలో పొద్దు గుంకదు కాబట్టి రాత్రి చలికి బెలూన్ కిందికి జారదు. ధ్రువాల దగ్గర భూమి అయస్కాంత క్షేత్రం తక్కువ శక్తి కణాలను అంతగా తిప్పికొట్టదు.

మిగిలిన చోటు పరికరంలో కణాలను ఆపి పసిగట్టే సిలికాన్ పలకకు ఇవ్వు. వేగం తగ్గిన ప్రతిడ్యుటెరాన్‌ను అందులోని పరమాణువు ఒక ఎలక్ట్రాన్ స్థానంలోకి లాక్కుంటుంది. ఆ ప్రతిడ్యుటెరాన్ ఒక్కో శక్తిస్థాయి దిగుతూ ఎక్స్‌కిరణాలు విడుస్తుంది. చివరికి కేంద్రకాన్ని చేరి నశించి, పయాన్లనే అల్పాయువు కణాలను చిమ్ముతుంది. వచ్చింది ప్రతిప్రోటానా, ప్రతిడ్యుటెరానా అన్నది గుర్తుపట్టడానికి ఆ ఎక్స్‌కిరణాల శక్తులు ఒక ఆధారం. ఎంత అందమైన ఏర్పాటో చూడు! దీన్ని తొందరపడకుండా రాయి.

2008లో అటిక్ బెలూన్ బృందం 300 నుంచి 800 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య శక్తి ఉన్న ఎలక్ట్రాన్లు అనుకున్నదానికంటే ఎక్కువగా కనిపించాయని ప్రకటించింది. కృష్ణపదార్థం జాడ కావచ్చని ఆశ పుట్టింది. మరుసటి ఏడాది ఫెర్మి ఉపగ్రహం కొలతల్లో ఎలక్ట్రాన్ల సంఖ్య అక్కడ అంతగా ఎగదన్నినట్టు కనిపించలేదు. నువ్వు మొదటి సగం రాసి వదిలేశావు. రెండోదీ అదే ఊపుతో రాయాలి.

తిరగరాశాక మీ వీధిలో ఇంటర్ చదివే పిల్లకెవరికైనా చదివి వినిపించు. ఆ పిల్ల ఆపి ‘ఎందుకని?’ అన్న చోటల్లా పెన్సిలుతో గీటు పెట్టి, ఆ కాగితాలే నాకు పంపు.

ఇట్లు,
మాస్టారు